మానసిక సంక్షోభంలో ఉన్న మనిషి ఎదుట నిలబడే కానిస్టేబుల్‌కు రెండు రోజుల్లో ఏమి నేర్పాలి?

పట్టణ_ఎస్‌ఐ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. తెలంగాణలోని ఒక చిన్న పట్టణంలో ఎస్‌ఐగా పనిచేస్తున్నాను. మానసిక సంక్షోభంలో ఉన్నవారితో ఎలా వ్యవహరించాలన్న విషయం మీద మా సబ్ డివిజన్‌లోని నలభై మంది కానిస్టేబుళ్ళకు, హోంగార్డులకు వచ్చే నెలలో రెండు రోజుల తరగతులు నిర్వహించే బాధ్యతను పై అధికారులు నాకు అప్పగించారు. నేను వైద్యుణ్ణి కాను. ఈ విషయంలో నాకున్న అనుభవం కూడా గొప్పగా చెప్పుకోదగినది కాదు. అయినా ముందుగా దాన్నే మీ ముందు పెడుతున్నాను.

గత వేసవిలో ఒక రాత్రి, బస్టాండ్ ఎదుట ఒక యువకుడు ఇటుక ముక్క పట్టుకుని వచ్చీపోయే బస్సులకు అడ్డం వెళుతున్నాడని డయల్ 100కు ఫోన్ వచ్చింది. నేను, ఇద్దరు కానిస్టేబుళ్ళు, ఒక హోంగార్డు సైరన్ మోగిస్తూనే వెళ్ళాము. దిగీ దిగగానే ఒకరు "కదలొద్దు" అన్నారు, ఇంకొకరు "అది కింద పడెయ్" అన్నారు, నేను "ఇటు రా" అన్నాను. ఈ మూడూ ఒకేసారి చేయడం ఎవరి వల్లా కాదన్న సంగతి ఆ క్షణంలో నాకు తట్టలేదు. అతను చెవులు మూసుకోబోయాడు. ఒక చేతిలో ఇటుక ఉండటంతో దాన్నే చెంపకు అదుముకున్నాడు. విసరడానికి ఎత్తాడనుకుని మా కానిస్టేబుల్ లాఠీ ఎత్తాడు. యువకుడు పరుగెత్తి డివైడర్ మీద పడ్డాడు, మణికట్టు విరిగింది. చివరకు అతన్ని జీపు ఎక్కించింది మా హోంగార్డే. అందరినీ వెనక్కి వెళ్ళమని, తాను కాస్త దూరంగా అదే డివైడర్ మీద కూర్చుని, అరగంటకు పైగా ఊరూ పేరూ అడుగుతూ, మధ్యమధ్య ఏమీ మాట్లాడకుండా గడిపాడు.

అసలు ఇబ్బంది ఆ తరువాత మొదలైంది. ఆసుపత్రిలో చేతికి కట్టు కట్టి, మానసిక వైద్యుడు లేడు గనుక మర్నాడు తీసుకురమ్మన్నారు. ఎక్కడికి తీసుకెళ్ళాలో తెలియక తెల్లవారే దాకా స్టేషన్‌లో బల్ల మీదే కూర్చోబెట్టాము. లాకప్‌లో మాత్రం పెట్టలేదు.

తరగతుల్లో మొదటి పది నిమిషాల గురించి ఏమి చెప్పాలి, చట్టం గురించి కానిస్టేబుల్‌కు ఎంతవరకు తెలియాలి, రాత్రి పదకొండు గంటలకు ఆసుపత్రి వద్దంటే మేము ఏమి చేయాలి అన్నవి నా సందేహాలు. తెర మీద నాలుగు బొమ్మలు చూపించి, భోజనం పెట్టి, సంతకాలు తీసుకుని పంపించే తరగతి నిర్వహించడం నాకు ఇష్టం లేదు.

జిల్లా_మనోవైద్యుడు

ఎస్‌ఐ గారూ, జరిగిన పొరపాటును దాచకుండా రాసినందుకు ధన్యవాదాలు. మీ తరగతికి కావలసిన పాఠం సగం మీ హోంగార్డు దగ్గరే ఉంది.

మామూలు నేరస్థుడి ముందు పోలీసుకు పనికొచ్చే అలవాట్లన్నీ ఇక్కడ ఎదురు తిరుగుతాయి. గొంతు పెంచడం, చుట్టుముట్టడం, వెంటవెంటనే ఆదేశాలివ్వడం, వేగంగా ముగించాలని చూడటం వంటివాటిని శిక్షణలో తొమ్మిది నెలల పాటు నేర్పించి పంపుతారు. తీవ్రమైన మానసిక రుగ్మతలో ఉన్న వ్యక్తికి అప్పటికే చెవిలో ఒకటో రెండో గొంతులు మాట్లాడుతూ ఉండవచ్చు. బయటి మాట లోపలికి వెళ్ళి అర్థమై, దానికి శరీరం స్పందించడానికి మనకంటే చాలా ఎక్కువ సమయం పడుతుంది. "చెబుతుంటే వినడం లేదు" అని మన వాళ్ళు అనుకునే చోట నిజంగా జరుగుతున్నది చాలావరకు ఇదే. కాబట్టి మాట్లాడేది ఒక్కరే కావాలి, మిగిలినవారు జనాన్ని దూరం చేయాలి, సైరన్, మెరిసే లైట్లు ఆపాలి. ఒక చిన్న వాక్యం చెప్పి, ఆగి, మళ్ళీ అదే వాక్యాన్ని అదే మాటలతో చెప్పాలి. ముట్టుకునే ముందు ముట్టుకోబోతున్నామని చెప్పాలి.

సంబోధన గురించి కనీసం ఒక గంట కేటాయించమని నా మనవి. ఇది మన భాషకు ప్రత్యేకమైన సమస్య. "ఒరేయ్" అన్న క్షణంలోనే సగం సంభాషణ ముగిసిపోతుంది. "మీరు" అనడం కష్టమైతే తమ్ముడూ అనవచ్చు, అక్కా అనవచ్చు, పెద్దాయనా అనవచ్చు. మాట వరుసకు: "తమ్ముడూ, నా పేరు ఫలానా. నేను కొట్టడానికి రాలేదు. నీళ్ళు తాగుతావా?" అతనికి వినిపిస్తున్న గొంతుల గురించి చెబితే అవి అబద్ధమని వాదించకూడదు, అవునవును నాకూ వినిపిస్తున్నాయని నటించకూడదు. "నాకు వినిపించడం లేదు గానీ, నువ్వు భయపడుతున్నావని తెలుస్తోంది" అంటే సరిపోతుంది.

మరొక ముఖ్య విషయం. వీధిలో వింతగా ప్రవర్తించే ప్రతి మనిషికీ మానసిక జబ్బే ఉందని అనుకోకూడదు. రక్తంలో చక్కెర పడిపోయినా, తలకు దెబ్బ తగిలినా, తీవ్రమైన జ్వరం మెదడుకు ఎక్కినా మనిషి అలాగే మాట్లాడతాడు. మద్యం మానేసిన రెండు మూడు రోజులకు చేతులు వణుకుతూ, లేని పురుగులు, పాములు చూస్తూ కేకలు పెట్టే స్థితి ప్రాణాంతకం కావచ్చు. మన రాష్ట్రానికైతే కల్లు సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. డైజిపామ్, అల్ప్రాజొలామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్తీ కల్లుకు అలవాటు పడినవారికి అది ఒక్కసారిగా దొరకకపోతే ఫిట్స్ వస్తాయి, మతి చెదురుతుంది. 2015లో నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్తీ కల్లుపై దాడులు జరిగినప్పుడు, 2020 లాక్‌డౌన్‌లో కల్లు, మద్యం దుకాణాలు మూతపడినప్పుడు ఆసుపత్రులకు ఇలాంటివారు వరుస కట్టారు. ఎర్రగడ్డ ఆసుపత్రి ఓపీ అప్పట్లో కిక్కిరిసిపోయింది. వీరిలో ఎవరినైనా "తాగి గొడవ చేస్తున్నాడు, కాసేపు కూర్చోబెడితే దిగుతుంది" అని స్టేషన్‌లో ఉంచితే ప్రాణం పోయే ప్రమాదం ఉంది.

పట్టుకోక తప్పని పరిస్థితి వస్తే బోర్లా పడుకోబెట్టి వీపు మీద మోకాలు పెట్టవద్దు. శ్వాస ఆడక మనుషులు చనిపోయేది ఈ భంగిమలోనే. గింజుకుంటున్న మనిషి హఠాత్తుగా నిశ్శబ్దమైతే లొంగిపోయాడని సంతోషించకుండా ఊపిరి చూడాలి. ఈ ఒక్క మాటను తరగతిలో చెప్పి వదిలేయవద్దు, ఇద్దరిద్దరి చేత చేయించి చూపించండి.

నల్లకోటు

చట్టం గురించి నేను చెబుతాను. కానిస్టేబుల్‌కు సెక్షన్లన్నీ అక్కరలేదు గానీ, మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 100వ సెక్షన్ నోటికి రావాలి.

స్టేషన్ పరిధిలో తిరుగాడుతున్న వ్యక్తికి మానసిక జబ్బు ఉందని, తన బాగోగులు తాను చూసుకోలేడని నమ్మడానికి కారణం ఉంటే, లేదా జబ్బు కారణంగా తనకో ఇతరులకో ప్రమాదం కలిగిస్తాడని అనిపిస్తే అతన్ని రక్షణలోకి తీసుకోవడం స్టేషన్ ఇన్‌ఛార్జి అధికారి విధి. చట్టం వాడిన మాట రక్షణ; అరెస్టు కాదు. ఎందుకు తీసుకువెళుతున్నారో అతనికి చెప్పాలి, అతనికి అర్థం కాని స్థితి ఉంటే అతని ప్రతినిధికి చెప్పాలి. వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితిలోనూ 24 గంటలు దాటకుండా, దగ్గరలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్ళాలి. లాకప్‌లో గానీ జైలులో గానీ ఏ పరిస్థితిలోనూ ఉంచకూడదు. మీ బల్ల లాకప్ కాదు గనుక మీరు ఆ నిషేధాన్ని ఉల్లంఘించలేదు. కానీ 24 గంటలన్నది మీకు దొరికిన గడువు కాదని, దాటకూడని హద్దు మాత్రమేనని తరగతిలో గట్టిగా చెప్పండి.

మీ మూడో సందేహానికి సమాధానం కూడా అక్కడే ఉంది. చట్టం చెప్పింది ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం గురించి. మానసిక వైద్యశాల గురించి మాత్రమే కాదు. పరీక్షకు ఏర్పాటు చేసే బాధ్యత ఆ కేంద్రం వైద్యాధికారిది. 94వ సెక్షన్ ప్రకారం అత్యవసర చికిత్సను రిజిస్టర్ అయిన ఏ వైద్యుడైనా మొదలుపెట్టవచ్చు, అది 72 గంటల వరకు కొనసాగవచ్చు. మానసిక వైద్యుడు లేడన్నది వెనక్కి పంపడానికి కారణం కాజాలదు. వెనక్కి పంపితే ఏ సమయానికి, ఏ డాక్టరు, ఏమని పంపారో జనరల్ డైరీలో రాయండి. ఇలా రాస్తున్నామని మర్యాదగా చెప్పినప్పుడు సగం సార్లు మంచం దొరుకుతుందని నా అనుభవం.

పాత అలవాటు ఒకటి ఇంకా పోలేదు. 1987 నాటి చట్టం కింద పోలీసులు ఇలాంటి వ్యక్తిని 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచి ఉత్తర్వు తెచ్చుకునేవారు. ఇప్పటికీ కొన్ని ఆసుపత్రుల్లో "కోర్టు ఆర్డర్ ఏది?" అని అడుగుతారు. వీధిలో దొరికిన వ్యక్తికి ఇప్పుడు అది అవసరం లేదు. ఇంట్లోనే బంధించి ఉంచారనో, హింసిస్తున్నారనో, పట్టించుకోకుండా వదిలేశారనో తెలిస్తే మాత్రం 101వ సెక్షన్ కింద మేజిస్ట్రేటుకు నివేదించాలి.

ఆత్మహత్యాయత్నం కేసుల్లో తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నారనే భావించాలని, శిక్షించకూడదని 115వ సెక్షన్ చెబుతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్నే నేరంగా చూసిన పాత ఐపీసీ 309వ సెక్షన్ లేదు. ప్రభుత్వోద్యోగిని విధి నిర్వహణ చేయకుండా అడ్డుకోవడానికి లేదా బలవంతపెట్టడానికి చేసే ఆత్మహత్యాయత్నం మాత్రమే 226వ సెక్షన్ కింద నేరం. ఆసుపత్రి మంచం దగ్గర నిలబడి "నీ మీద కేసవుతుంది, తెలుసా?" అని బెదిరించే అలవాటును ఇకనైనా మానాలి.

ఇంకొక మాట. పోలీసులకు ఎప్పటికప్పుడు ఇటువంటి శిక్షణ ఇవ్వాలని ఈ చట్టంలోని 30వ సెక్షనే ప్రభుత్వాన్ని ఆదేశిస్తోంది. కనుక మీరు చేస్తున్నది అదనపు సేవ కాదు. ఎందుకు అవసరమని ఎవరైనా అడిగితే విశాఖపట్నం గుర్తు చేయండి. 2020 మే 16న అక్కడ ఒక ప్రభుత్వ మత్తు వైద్యుడి చేతులు వెనక్కి కట్టి, నడిరోడ్డు మీద ఈడ్చిన దృశ్యాలు రాష్ట్రమంతా చూసింది. లాఠీ ఉపయోగించిన కానిస్టేబుల్ సస్పెండయ్యాడు, హైకోర్టు విచారణను సీబీఐకి అప్పగించింది. ఆయన మానసిక స్థితి గురించి ఎవరి వాదన ఏదైనా, చేతులు కట్టడానికి అది సమాధానం కాదు.

అక్క_మాట

నేను పోలీసును కాను, డాక్టరును కాను. స్కిజోఫ్రీనియా ఉన్న తమ్ముడికి పదిహేనేళ్ళుగా అక్కను. కుటుంబాల వైపు నుంచి ఒక విషయం చెప్పాలని రాస్తున్నాను.

మా ఇంటికి పోలీసులు రెండుసార్లు వచ్చారు. మొదటిసారి పిలిచింది నేనే. వాడు వంటింట్లో తలుపు వేసుకుని, మందుల పొట్లాలన్నీ సింకులో పోసి, మేము విషం పెడుతున్నామని అరుస్తున్నాడు. జీపు సైరన్‌తో వచ్చేసరికి వీధిలోని ప్రతి డాబా మీదా మనుషులున్నారు, చాలామంది చేతుల్లో ఫోన్లున్నాయి. వచ్చినవారు నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగకుండా నేరుగా తలుపు దగ్గరికి వెళ్ళారు. అడిగి ఉంటే వాడు ఖాకీకి భయపడడని, తలుపు కొట్టే చప్పుడుకు భయపడతాడని చెప్పేదాన్ని. మందు ఆగి పదకొండు రోజులైందని, కత్తులన్నీ నేను ముందే తీసి దాచానని, చిన్నప్పటి స్కూలు క్రికెట్ గురించి ఎత్తితే కాసేపైనా కూర్చుంటాడని చెప్పేదాన్ని. రెండోసారి వచ్చిన ఎస్‌ఐ గారు గుమ్మంలో నిలబడి "ఆయన పేరేమిటమ్మా? మిమ్మల్ని ఏమని పిలుస్తారు?" అని అడిగారు. ఆ రోజు తలుపు విరగలేదు.

అయితే తప్పు అంతా పోలీసుల మీదే వేయడం న్యాయం కాదు. మొదటిసారి నేనే ఏమన్నానో నాకు గుర్తుంది. "పట్టుకోండి సార్, కట్టేయండి, ఏమైనా సరే ఆసుపత్రికి తీసుకెళ్ళండి" అన్నాను. కుటుంబం అలసిపోయి పిలుస్తుంది. ఆ అలసటలో మేము అడిగేది చేయడమే సహాయం కాదని మీ వాళ్ళకు చెప్పండి; మమ్మల్ని పక్కన కూర్చోబెట్టడానికి కూడా ఒక మనిషి కావాలి. అప్పటి నుంచి నేను ఒక కాగితం మీద వాడి పేరు, మందులు, డాక్టరు నంబరు, ఏది మాట్లాడాలి, ఏది మాట్లాడకూడదు అన్నది రాసి ఫ్రిజ్ మీద అంటించాను. మీ బీట్ కానిస్టేబుళ్ళు తమ ప్రాంతంలో ఇటువంటి ఇళ్ళవారు ఇష్టపడితే ఇలాంటి కాగితం ఒకటి తయారు చేసుకోమని సలహా ఇవ్వవచ్చు. స్టేషన్‌లో మాత్రం జాబితా పెట్టవద్దు. రేపు ఊళ్ళో ఏ దొంగతనం జరిగినా ఆ జాబితాలోని పేర్ల దగ్గరికే వస్తారు.

ఒక పూట తరగతికి జబ్బు నుంచి కోలుకున్న వ్యక్తిని పిలిచి మాట్లాడించండి. మందులు వేసుకుంటూ ఉద్యోగం చేసుకునే మనిషిని మీ వాళ్ళలో చాలామంది చూసి ఉండరు.

టెనెస్సీ_తెలుగు

నేనుండే రాష్ట్రంలోని మెంఫిస్ నగరమే ఈ శిక్షణకు పుట్టినిల్లు గనుక రెండు మాటలు. 1987లో అక్కడ మానసిక సంక్షోభంలో కత్తి పట్టుకున్న ఒక యువకుణ్ణి, కుటుంబం సహాయానికి పిలిచిన పోలీసులే కాల్చి చంపారు. ఆ మరుసటి ఏడాది పోలీసు శాఖ, రోగుల కుటుంబాల సంఘం, విశ్వవిద్యాలయాలు కలిసి క్రైసిస్ ఇంటర్వెన్షన్ టీమ్ అనే పద్ధతిని రూపొందించాయి. అందులో 40 గంటల శిక్షణ ఉంటుంది. ఇతర నగరాలు ఆ 40 గంటలను తీసుకున్నాయి గానీ, అసలు పద్ధతిలోని మరో రెండు అంశాలను చాలాచోట్ల వదిలేశాయి. ఒకటి, అది అందరికీ నిర్బంధ తరగతి కాదు. ముందుకు వచ్చినవారిలోంచి తగినవారిని ఎంచుకుని, ప్రతి షిఫ్టులోనూ కొందరు ఉండేలా చూశారు. రెండు, పోలీసులు తీసుకువచ్చిన మనిషిని వెనక్కి పంపకుండా, ఎక్కువసేపు నిలబెట్టకుండా చేర్చుకునే ఆసుపత్రితో ముందే ఒప్పందం చేసుకున్నారు.

శిక్షణ వల్ల అధికారుల అవగాహన, ఆత్మవిశ్వాసం, దృక్పథం మెరుగుపడతాయని పరిశోధనలు చెబుతున్నాయి. బలప్రయోగం, గాయాలు తగ్గాయన్న ఆధారాలు అంత గట్టిగా లేవు. అందుకే కొన్ని నగరాలు పోలీసులకు బదులు వైద్య సహాయకుణ్ణి, సంక్షోభ కార్యకర్తను పంపే పద్ధతిని చేపట్టాయి. ఆరెగన్‌లోని యూజీన్ నగరంలో 1989 నుంచి నడిచిన కాహూట్స్ దానికి పేరు పొందింది. డబ్బు సమస్యలతో 2025లో అక్కడ ఆ సేవ ఆగిపోయింది. మన దగ్గర అలాంటి బృందాలు వచ్చేదాకా కానిస్టేబులే మొదట వెళ్ళేవాడు కాబట్టి, మీ నలభై మందిలో మీ హోంగార్డు లాంటి ఎనిమిది మందిని గుర్తించి వారికి ఎక్కువ నేర్పించడం మంచిదని నా అభిప్రాయం.

రిటైర్డ్_హెచ్‌సీ

అందరూ బాగా చెప్పారు. ముప్పై మూడేళ్ళు నడిచిన కాళ్ళతో ఒక మాట. అరగంట కూర్చుని మాట్లాడమని చెప్పడం తేలిక. పధ్నాలుగు గంటల బందోబస్తు చేసి వచ్చినవాడికి, వెనకాల ఇంకో రెండు ఫోన్లు కాచుకుని ఉండగా, పై నుంచి "ఎంతసేపయ్యా?" అని వైర్‌లెస్ సెట్‌లో అడుగుతుండగా ఆ అరగంట ఎవరిస్తారు? తరగతిలో కానిస్టేబుళ్ళతో పాటు సీఐ గారిని, కంట్రోల్ రూమ్‌లో కూర్చునేవారిని కూడా కూర్చోబెట్టండి. సమయం ఇవ్వవలసింది వాళ్ళు.

ఇంకొకటి అడగకుండానే చెబుతున్నాను. ఆ నలభై మందిలో కూడా నిద్ర పట్టనివారు, లోపల కుమిలిపోతున్నవారు ఉంటారు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416ను ఎదుటివాళ్ళ కోసమని బోర్డు మీద రాసేటప్పుడు, అది మనకూ పనికొస్తుందని ఒక్క ముక్క అనండి. మా రోజుల్లో తన మనసు బాగాలేదని అన్నవాడి ఆయుధం తీసేసుకుని, పేరు పెట్టి నవ్వేవారు.

పట్టణ_ఎస్‌ఐ

అందరికీ కృతజ్ఞతలు. నా పథకాన్ని చాలావరకు మార్చుకున్నాను. చట్టాన్ని ఒక గంటకు కుదించి, ఒకే గొంతుతో మాట్లాడటం, పక్కకు తిప్పి పడుకోబెట్టడం, గుమ్మంలో కుటుంబాన్ని అడగవలసిన నాలుగు ప్రశ్నలు అన్నవాటికి ఒక రోజంతా ఇస్తున్నాను. సీఐ గారు మొదటి పూట కూర్చుంటానన్నారు. హోంగార్డును మాట్లాడమంటే ససేమిరా ఒప్పుకోలేదు. బస్టాండ్ సంఘటనను మళ్ళీ నటించి చూపించడానికి మాత్రం, అదీ ఆ యువకుడి పాత్ర తనకిస్తేనే, సరేనన్నాడు.

మొన్న ఏరియా ఆసుపత్రి సూపరింటెండెంట్ గారిని కలిశాను. 94, 100 సెక్షన్ల కాపీ చూపించాను. రాత్రి పూట డ్యూటీ డాక్టరే చూసి, అవసరమైతే జిల్లా ఆసుపత్రి మనోవైద్యుడికి ఫోన్ చేస్తారని నోటిమాటగా ఒప్పుకున్నారు. రాతపూర్వకంగా కావాలంటే మా డీఎస్పీ గారి నుంచి లేఖ రావాలన్నారు. లేఖ రాసి పంపి నాలుగు రోజులైంది. తరగతుల లోపు సంతకం కాకపోతే, ఆ డ్యూటీ డాక్టర్లలో ఇద్దరినైనా రెండో రోజు మధ్యాహ్నం మా వాళ్ళతో కూర్చోబెట్టే ప్రయత్నంలో ఉన్నాను.